మధుసూదనరావు వద్దన్న ఓట్లు

ముళ్లతీగ కొనడానికి వచ్చే ప్రతి మనిషికీ ఒక పక్కపొలం వాడు ఉంటాడు. డ్రమ్‌నాలీలోని రైతుల దుకాణంలో ఈ సంగతి మొదట గ్రహించినవాడు మధుసూదనరావు. అందులో ఆయన గొప్ప పెద్దగా లేదు. బాపట్ల కోర్టులో పదిహేడేళ్లు గట్టు తగాదాలు తప్ప మరొకటి వాదించి ఎరగడు. గట్టు తగాదా ఉన్న మనిషి తీగచుట్టను చేత్తో నిమిరే తీరే వేరు. ఆ నిమరడంలో ఎదుటివాడి మెడ కనబడుతుంది.

డ్రమ్‌నాలీ అంటే ఐర్లండ్‌లో కాజిల్‌బార్ దాటి కారులో కాసేపు పోతే వచ్చే ఊరు. ఒక చర్చి, మూడు పబ్బులు, ఒక మందుల షాపు, ఈ దుకాణం. మిగతాదంతా గొర్రెలు. జయశ్రీకి కాజిల్‌బార్ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ సామానుతోపాటు మధుసూదనరావూ వచ్చాడు. సామానులో ఆయన నల్లకోటు కూడా ఉంది. ఈ దేశంలో వకీలు పని చేయాలంటే పరీక్షలు మొదటినుంచీ రాయాలన్నారు. ఒకసారి రాశాడు. ఆ పరీక్ష సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నల్లకోటు బీరువాలో కలరా ఉండల మధ్య స్థిరపడింది. మధుసూదనరావు దుకాణంలో దాణా బస్తాలు, ఎరువులు, గుంజలు, తీగచుట్టల మధ్య స్థిరపడ్డాడు. ఊళ్లో ఆయనకు ఒక పేరంటూ రావడానికి చాలాకాలం పట్టింది. అంతవరకూ ఆయన "ఎక్స్‌రే ఆవిడ మొగుడు."

పేరు వచ్చింది పాట్ లాఫ్టస్ వల్ల. పాట్‌కి గొర్రెలున్నాయి, మార్టిన్ గాహన్ అనే పొరుగువాడున్నాడు, ఇద్దరి పొలాలకూ మధ్య ఒక ముళ్లకంచె ఉంది. ఆ కంచె ఎవరిదన్న విషయం మీద గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కూడా ఒకసారి వచ్చి, రెండిళ్లలోనూ టీ తాగి, ఏమీ తేల్చకుండా వెళ్లిపోయారు. పాట్ తీగ కొనడానికొచ్చాడు. అంతకు ముందురోజే మార్టిన్ వచ్చి అదే తీగ కొనుక్కెళ్లాడు.

"ఈ దేశంలో నేను న్యాయసలహా ఇవ్వకూడదండీ," అన్నాడు మధుసూదనరావు, తీగచుట్ట కౌంటర్ మీద పెడుతూ. "చట్టం ఒప్పుకోదు. కానీ ఇదే బాపట్ల అయితే..."

"బాపట్ల అయితే?" అన్నాడు పాట్.

"బాపట్ల అయితే మీరు దావా వేస్తారు, ఆయన ఎదురు దావా వేస్తాడు. మీ మనవలూ ఆయన మనవలూ వాయిదాలకి ఒకే బస్సులో వస్తారు. చివరికి జడ్జిగారు కంచె చూడ్డానికొస్తే అక్కడ కంచె ఉండదు. ఎప్పుడో మేకలు తినేసి ఉంటాయి."

పాట్ తీగచుట్టను తీసుకెళ్లి దాని చోట్లో పెట్టేసి, గొర్రెల దాణా కొనుక్కుని ఇంటికి పోయాడు.

అక్కణ్ణుంచి మొదలైంది. అద్దె గొడవలున్నవాళ్లు, దారి హక్కు తగాదాలున్నవాళ్లు, వీలునామాలో పేరు లేనివాళ్లు, ఒక్కొక్కరే వచ్చి దాణా బస్తాకి ఆనుకుని "మధూ, బాపట్లలో అయితే ఏమవుతుంది?" అని అడగడం మొదలుపెట్టారు. బాపట్లలో ఏదీ బాగుపడదని వినేసరికి వాళ్లకి ఎంతో తెరిపిగా ఉండేది. ఆయన ఊరికి "బాపట్ల మనిషి" అయ్యాడు. తీగ అమ్మకాలు పడిపోయాయి. దాణా అమ్మకాలు పెరిగాయి. దుకాణం యజమాని లెక్క చూసుకుని నోరు మూసుకున్నాడు.

కౌన్సిల్ ఎన్నికలు వస్తున్నాయనగా, "నువ్వే నిలబడరాదూ?" అన్నాడు పాట్. వేళాకోళానికే అన్నాడు. మధుసూదనరావు దాన్ని వకాలతుగా స్వీకరించాడు.

పౌరసత్వం లేకపోయినా, ఆ ఊళ్లో కాపురం ఉంటే చాలు, కౌన్సిల్‌కి పోటీ చేయొచ్చు. ఆ నిబంధన చదివినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట, ఇంట్లో ఎవరూ లేకపోయినా. ఆయనకి కావలసిందీ అదే: లేచి నిలబడటం. దుకాణంలో రోజంతా నిలబడే ఉంటాడు, కానీ దాన్ని నిలబడటం అనరు. నలుగురూ కూర్చుని ఉండగా తనొక్కడే లేచి, గొంతు సవరించుకుని, ఒక విషయం చెబితే, దాన్ని ఎవరో రాసుకోవాలి. బతుకులో మరొక్కసారి అది జరగాలి. చెప్పడానికి విషయం కూడా సిద్ధంగా ఉంది. ఊరి కూడలిలో బస్సు ఆగేచోట పైకప్పు లేదు. పదిహేనేళ్ల కూతురు చరిత రోజూ అక్కడ తడిసి బడికి పోతోంది.

"వారం నుంచీ చెత్తడబ్బా బయటపెట్టమంటే పెట్టలేదు," అంది జయశ్రీ. "మీరు ఊరి చెత్త చూస్తారా?"

"అది వేరే శాఖ," అన్నాడు మధుసూదనరావు.

ప్రచారం బాధ్యత ఆంజనేయప్రసాద్ నెత్తినేసుకున్నాడు. ఒంగోలు మనిషి, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, చుట్టుపక్కల తెలుగు సంఘానికి అధ్యక్షుడు. తను నిలబడకపోయినా ఎన్నికలంటే ఒళ్లు తెలియని రకం.

"మీరేం దిగులు పెట్టుకోవాకండి లాయర్ గారూ. మనోళ్ల ఓట్లన్నీ గంపగుత్తగా మనయ్యే. కార్డు నేను కొట్టిస్తా. ఇక్కడోళ్ల కార్డులు చూశారా, ఏందవి, పాస్‌పోర్టు ఫొటో, ఫోన్ నంబరు. ఒక కళ లేదు, పాడూ లేదు."

ఆంజనేయప్రసాద్ కళ పెట్టించాడు. జేబులో పట్టేంత కార్డు, మెరిసే ప్లాస్టిక్ తొడుగు. మధ్యలో నల్లకోటులో మధుసూదనరావు, రెండు చేతులూ జోడించి, తల కాస్త పక్కకి వంచి, కరుణగా నవ్వుతూ. చుట్టూ మల్లెపూల అంచు. వెనకాల మబ్బుల్లోంచి వెలుగు. కింద ఇంగ్లీషులో, కర్మ చేయడమే మన వంతు, ఫలం మన చేతిలో లేదు అని.

ఆ ప్రాంతంలో మనిషి పోతే, ఇంటివాళ్లు చిన్న కార్డు అచ్చువేయించి బంధువులకీ స్నేహితులకీ పంచుతారు. జేబులో పట్టేంత కార్డు. మెరిసే ప్లాస్టిక్ తొడుగు. మధ్యలో పోయినవారి ఫొటో, చుట్టూ పూలు, వెనకాల వెలుగు, ఒకచోట జోడించిన చేతులు, కింద ఒక మంచిమాట. ఈ సంగతి ఆంజనేయప్రసాద్‌కి తెలియదు. మధుసూదనరావుకీ తెలియదు. కార్డులు పంచిన రెండోరోజు జయశ్రీకి తెలిసింది. మోకాలి ఎక్స్‌రే తీయించుకుంటున్న ఒక పెద్దాయన బల్లమీద పడుకునే ఆవిడ చెయ్యి పట్టుకుని, "నీ కష్టానికి చింతిస్తున్నానమ్మా. ఎంత నవ్వుముఖం. చిన్నవయసే," అన్నాడు.

"పొద్దున ఆరు ఇడ్లీలు తిన్నాడండీ," అంది జయశ్రీ.

"అదే నేననేది," అన్నాడు పెద్దాయన. "ఎవరి ఘడియ ఎప్పుడో చెప్పలేం."

మళ్లీ కార్డులు కొట్టించడానికి వ్యవధి లేదు. "తనే స్వయంగా తలుపు కొడుతున్నాడు కదా, బతికే ఉన్నాడని తెలుసుకుంటారు," అని ఆంజనేయప్రసాద్ ధైర్యం చెప్పాడు. నిజమే. కొన్నిచోట్ల తలుపు తీసినవాళ్లు కార్డు వంకా మనిషి వంకా రెండుసార్లు చూసి, శిలువ గుర్తు వేసుకుని, లోపలికి రమ్మన్నారు.

అసలు తప్పు కార్డులో లేదు. అది ఆ తలుపుల దగ్గరే జరిగింది.

అక్కడ ఓటు చీటీ మీద ముద్ర వేయరు. పేర్ల పక్కన ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారు. మధుసూదనరావు నిబంధనల్లో అంతవరకూ చదివాడు. ఓటంటే ఏమిటో తనకి కొత్తగా ఎవరు చెప్పాలని మిగతాది వదిలేశాడు. ఇల్లిల్లూ తిరుగుతూ నోరా డర్కన్ ఇంటికి వెళ్లాడు. ఎనభై దాటిన మనిషి, భర్త పోయాక ఒంటరిగా ఉంటుంది. ఆమెకి లెక్కలేనంతమంది బంధువులు.

"ఒకటి మా డీక్లన్‌కి, తప్పదు," అంది నోరా. "వాడూ నిలబడ్డాడు. మా అన్న కొడుకు. వాడికి వేయకపోతే మా అన్న సమాధిలోంచి లేచొస్తాడు. రెండు మాత్రం నీకే, మధూ."

రెండు!

మధుసూదనరావు తండ్రి కోటయ్య మాస్టారు గుంటూరులో లెక్కల పంతులు. "రెండో ర్యాంకంటే ఓడిపోయినవాళ్లలో ఫస్టు రా," అనేవాడు. ఆ మాట మధుసూదనరావు ఎముకల్లో ఉంది, జయశ్రీ ఎక్స్‌రే తీస్తే కనబడేది. ఐర్లండ్ వచ్చిన కొత్తలో చరిత బడికి వెళ్లి టీచర్ని "మా అమ్మాయి ర్యాంకెంత?" అని అడిగాడు. ర్యాంకులు లేవనీ, అమ్మాయి గ్రాండ్ అనీ ఆవిడ చెప్పింది. గ్రాండ్ పైన ఇంకేమైనా ఉందా అని ఇంటికొచ్చేదాకా జయశ్రీని అడుగుతూనే ఉన్నాడు. నిరుడు కౌంటీ ఆటల పోటీల్లో చరిత పరుగు పందెంలో వెండి పతకం తెచ్చింది. బురద కాళ్లతో గుమ్మంలో నిలబడి చూపించింది. మధుసూదనరావు పతకం అందుకుని, అటూ ఇటూ తిప్పి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మొదట ఎవరొచ్చారు?"

చరిత పతకం వెనక్కి తీసుకుంది. వంటింటి ప్రెస్సులో, అంటే అలమరలో, కుక్కర్ రబ్బర్లూ తెగిపోయిన గరిటెలూ ఉండే గూట్లో పడేసింది. ఆ తర్వాత ఆ పిల్ల పందేల గురించి ఇంట్లో ఎత్తలేదు.

అలాంటి మనిషికి నోరా డర్కన్ గుమ్మంలోనే రెండో ర్యాంకు ఇస్తానంది.

"వద్దండీ," అన్నాడు.

"అయ్యో, తీసుకో."

"వద్దండీ, అక్కర్లేదు."

"ఊరికే పోతుంది కదా, నీకు వేస్తాను."

"వేస్తే ఒకటి వేయండి. లేకపోతే మీకా శ్రమే వద్దు," అని చేతులు జోడించి, కార్డులో ఉన్నంత కరుణగా నవ్వి, గేటు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజూ మర్నాడూ అదే పద్ధతి ఊరంతా పాటించాడు. పాట్ లాఫ్టస్ తన ఒకటి బావమరిదికి వేయాలన్నాడు, రెండు నీకన్నాడు. వద్దన్నాడు. మార్టిన్ గాహన్ కూడా అంతే. మార్టిన్ దగ్గరైతే కాస్త గట్టిగానే వద్దన్నాడు, ఎందుకంటే అప్పటికి వాన మొదలైంది. సాయంత్రం ఇంటికి తల ఎత్తుకుని వచ్చాడు.

"ఒక్కడి దగ్గర కూడా రెండో నంబరు తీసుకోలేదు," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "మొహం మీదే చెప్పేశాను."

చరిత చెంచా కింద పెట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది ఆ పిల్లకి. నోట్లోంచి వచ్చేది మాత్రం ఆ మేయో కౌంటీ ఇంగ్లీషు.

"డాడ్. టెల్ మీ యూ డిడ్ నాట్ సే దట్."

"ఎందుకనను?"

ఆ తర్వాత చరిత చేతులు తిప్పుతూ చెప్పినదాని సారం ఇది. వాళ్లకి బడిలో ఇదంతా పాఠం. అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి ముందు పోటీలోంచి తీసేస్తారు. తీసేశాక వాడి చీటీలు పారెయ్యరు. ఒక్కో చీటీ మీద రెండు అని ఎవరి పేరు పక్కన ఉందో చూసి, ఆ చీటీ వాళ్లకి ఇచ్చేస్తారు. తర్వాత ఇంకొకణ్ణి తీసేస్తారు. మళ్లీ పంచుతారు. ఇక్కడ సగంమంది గెలిచేది రెండ్ల మీదా మూళ్ల మీదానే. ఊళ్లోవాళ్లందరికీ ఎవరో ఒక బంధువు పోటీలో ఉన్నాడు, కాబట్టి బంధువు కానివాడికి ఎవరైనా ఇవ్వగలిగిన అతి పెద్ద గౌరవం రెండు.

మధుసూదనరావు నోటిదాకా తెచ్చిన ముద్దని మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"అర్థం కాలేదా?" అంది జయశ్రీ, పచ్చడి జాడీ ముందుకు జరిపి. "బంతిలో ఒకడు గోంగూర అడిగాడు. గోంగూర అయిపోయింది. వాడు విస్తరి మూసి లేచిపోతాడా? ఆవకాయ వెయ్యమంటాడు. గోంగూర అడిగినవాళ్లందరూ చివరికి ఆవకాయే తిని లేస్తారు. మీరు ఆవకాయ. మీరేమో విస్తరి విస్తరికీ వెళ్లి, నన్ను వేసుకోవద్దు అని చెప్పొచ్చారు."

"యూ ఆర్ ద ఆవకాయ, డాడ్," అంది చరిత.

"పదిహేడేళ్లు కోర్టులో చేశారు," అంది జయశ్రీ. "చట్టం చదవలేదా?"

"ఓటంటే ఓటే కదా అనుకున్నాను," అన్నాడు మధుసూదనరావు. గుంటూరు మనిషికి గోంగూర కాదనిపించుకోవడం ఒక బాధ, ఆవకాయగా కూడా ఉండనన్నందుకు మరో బాధ.

పోలింగుకి రెండు రోజులే ఉంది. మర్నాడు సెలవు పెట్టి, వద్దన్న ఇంటికల్లా మళ్లీ బయలుదేరాడు. ఏ గుమ్మంలో ఏ మాటతో వద్దన్నాడో ఆయనకి వరసగా గుర్తుంది, అది వృత్తి ఇచ్చిన శాపం. చరిత వెంట వచ్చింది. ఎందుకంటే, "ఎవరో ఒకరు నిన్ను చూసుకోవాలి కదా" అని ఇంగ్లీషులో అంది. అసలు కారణం, తండ్రి మాట వెనక్కి తీసుకోవడం ఆ పిల్ల పుట్టాక చూడలేదు.

పాట్ లాఫ్టస్ గొర్రెకి మందు పట్టిస్తున్నాడు.

"ఆ రెండు..." అన్నాడు మధుసూదనరావు.

"ఏ రెండు?"

"మొన్న మీరు ఇస్తానన్న రెండు. అది ఇంకా ఉందా?"

పాట్ గొర్రె మూతి పట్టుకునే ఆలోచించాడు. "బాపట్లలో అయితే ఏం చేస్తారు? వద్దన్న వస్తువు మళ్లీ అడిగితే?"

మధుసూదనరావు పక్కన చరిత ఉంది. అబద్ధం చెప్పడానికి లేదు. "బాపట్లలో అయితే ఇవ్వరండీ. పైగా ఊరంతా చెప్పి నవ్వుతారు."

"నవ్వడం వరకూ మేమూ అంతే," అన్నాడు పాట్. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. గొర్రెకి మిగతా మందు పట్టించాడు.

మార్టిన్ గాహన్ అయితే తలుపు సగమే తీశాడు. "వద్దన్నావు. సరే అన్నాను. నా మనసులో దాన్ని ఇంకొకరికి ఇచ్చేశాను," అని తలుపు మూశాడు. రెండు క్షణాలకి మళ్లీ తీసి, "పాట్ ఇస్తానన్నాడా?" అని అడిగాడు. "చెప్పలేదండీ," అన్నాడు మధుసూదనరావు. "ఊఁ," అని మళ్లీ మూశాడు.

ఇంటింటికీ టీ. ఇంటింటికీ బ్రౌన్ బ్రెడ్డు. కొందరు నవ్వారు, కొందరు ఏమిటో అర్థంకాక జాలిపడ్డారు. నోరా డర్కన్ ఇల్లు చేరేసరికి మధుసూదనరావు పొట్టలో టీ అలలు కొడుతోంది.

నోరా ముందుగదిలోకి తీసుకెళ్లింది. కుంపటి గూడు పైన పలక మీద ఆమె భర్త మిక్ కార్డు ఉంది, పూల అంచుతో. దాని పక్కనే మధుసూదనరావు కార్డు, మల్లెపూల అంచుతో. రెంటికీ మధ్య ఒక చిన్న దీపం వెలుగుతోంది.

చరిత మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నేను... బతికే ఉన్నానండీ," అన్నాడు మధుసూదనరావు.

"నాకు తెలుసులే," అంది నోరా. "మిగతావాళ్ల కాగితాలన్నీ రీసైక్లింగు డబ్బాలో వేశాను. దీన్నెలా వేస్తాం? ఇలాంటి కార్డు పారేస్తే అరిష్టం. ఈ వీధిలో ఎవరింట్లో అయినా చూడు, ఇలాగే ఉంటుంది. మిక్‌కి ప్రార్థన చెప్పేటప్పుడు నీకూ ఒకటి చెబుతున్నాను. నష్టమేముంది? టీ తాగుతావా?"

"వద్దండీ."

"తాగు."

"నిజంగా వద్దండీ, పొద్దుటినుంచీ..."

"తాగుతావు," అని నోరా కెటిల్ పెట్టేసింది.

మధుసూదనరావు తన దీపం వంక చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "నోరా గారూ, మొన్న మీరు రెండు ఇస్తానంటే వద్దన్నాను. అది..."

"అవును, మూడుసార్లు వద్దన్నావు," అంది నోరా. ఆమె మొహం వెలిగిపోయింది. "నేనది మా వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను. ఈ రోజుల్లో అంత మర్యాద తెలిసిన మనిషెక్కడ? నేటి కుర్రాళ్లు టీ అనగానే ఔనంటారు. మా చిన్నప్పుడు మూడుసార్లు వద్దంటేనే మనిషి కింద లెక్క. అడిగేవాళ్లు నాలుగోసారి అడగాలి, లేకపోతే వాళ్లకి పెంపకం లేనట్టు."

బాపట్లలోనూ అంతే. అన్నానికి రమ్మంటే మూడుసార్లు వద్దనాలి. నాలుగోసారి పిలవకపోతే ఆ ఇంటిమీద జీవితాంతం కోపం ఉంచుకోవాలి. ఈ ఆచారం ఇక్కడ కూడా ఉందని ఇన్నేళ్లూ మధుసూదనరావుకెవరూ చెప్పలేదు. ఆ సందు పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. ఆయనలోని వకీలు ఊరుకోమన్నాడు. పక్కన చరిత, నవ్వు మానేసి, తండ్రి మొహం వైపే చూస్తోంది.

"లేదండీ," అన్నాడు. "అది మర్యాద కాదు. నాకు కోపం వచ్చింది. రెండంటే నాకు చిన్నతనమనిపించింది. నాకు ఈ లెక్క తెలియలేదు. తప్పు నాది."

నోరా కప్పు చేతికిచ్చి, చరిత వైపు తిరిగింది. "చూశావా అమ్మా? తన మంచితనం తనే ఒప్పుకోడు. ఇలాంటి పెంపకం ఇప్పుడు లేదు."

"నిజంగానే కోపం..."

"తెలుసు, తెలుసు. చక్కెర ఎన్ని?"

ఒప్పుకున్న తప్పు కూడా మర్యాదగానే జమ అయింది. దానిమీద అప్పీలు లేదు.

ఓట్ల లెక్కింపు కాజిల్‌బార్‌లో, ఒక పెద్ద ఆటల హాల్లో. బల్లల మీద చీటీలు విప్పుతుంటారు. కటకటాల ఇవతల అభ్యర్థుల మనుషులు మెడలు చాచి, ఏ చీటీ మీద ఎవరికి ఏ అంకె ఉందో దూరం నుంచే చూసి గీతలు గీసుకుంటారు. మధుసూదనరావు నల్లకోటు వేసుకున్నాడు. హాలంతా కలరా ఉండల వాసన.

మొదటి లెక్క చదివారు. అయిదు స్థానాలకి పోటీ చేసినవాళ్లలో మధుసూదనరావు ఎక్కడో అడుగున ఉన్నాడు.

"మనోళ్ల ఓట్లు?" అన్నాడు మెల్లగా.

ఆంజనేయప్రసాద్ ఫోనులోకి చూస్తూ తడబడ్డాడు. "కనుక్కున్నా సార్. అందరూ మీకే వేద్దామనుకున్నారంట. ఓటర్ల జాబితాలో పేర్లే లేవంట. ఏంది, ముందుగా నమోదు చేసుకోవాలంటగా ఇక్కడ?"

"మీరు వేశారా?"

ఆంజనేయప్రసాద్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో అత్యవసరంగా మాట్లాడుతూ బయటికి వెళ్లిపోయాడు. ఫోను మోగలేదు.

తర్వాత ఒక్కొక్కణ్ణే తీసేయడం మొదలైంది. పాట్ బావమరిది పోయాడు. ఆయన చీటీలు పంచారు. మధుసూదనరావు ఒక మెట్టెక్కాడు. ఇంకొకరు పోయారు. ఇంకో మెట్టు. మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు స్థానాలు నిండాయి. ఒక్కటి మిగిలింది. దానికోసం ముగ్గురు మిగిలారు: ముందున్న ఒక పాత కౌన్సిలరు, ఆయన వెనక మధుసూదనరావు, ఆయన వెనక డీక్లన్. డీక్లన్‌కి బంధువులందరూ ఓటేశారు. బంధువు కానివాళ్లు ఎవరూ వేయలేదు. డీక్లన్‌ని తీసేశారు.

అతని చీటీల కట్ట విప్పారు. కటకటాల దగ్గర గీతలు గీసే ముసలాయన ఒకడు పెన్సిలు ఆపి, వెనక్కి తిరిగి చూశాడు. డ్రమ్‌నాలీవాళ్లు అంటున్న పేరు విని "ఈ బాపట్ల మనిషెవరు?" అన్నాడు. డీక్లన్ ఒకటి, బాపట్ల మనిషి రెండు. డీక్లన్ ఒకటి, బాపట్ల మనిషి రెండు. ఒక ముసలావిడ తన బంధువర్గం మొత్తానికి ఫోన్ చేస్తే ఎలా ఉంటుందో బల్లమీద కనబడింది. ఒక చీటీ మీద రెండు కొట్టేసి, పక్కనే ఇంకాస్త పెద్దగా మళ్లీ రెండు అని రాసి ఉంది.

మధుసూదనరావు గెలిచాడు. గెలవడానికి నిర్ణయించిన సంఖ్య కూడా అందుకోలేదు. పాత కౌన్సిలరు ఆయనకన్నా వెనకబడ్డాడు, పంచడానికి ఇంక చీటీలు లేవు కాబట్టి గెలిచినట్టు ప్రకటించారు. చివరి స్థానం, చివరి లెక్కలో, దాదాపు ఎవరికీ మొదటి ఇష్టం కాకుండా. కోటయ్య మాస్టారు ఉండి ఉంటే ఆ గెలుపుని ఏ గడిలో రాయాలో ఆయనకే తెలిసేది కాదు.

డీక్లన్ వచ్చి చెయ్యి కలిపాడు. "మా మేనత్త చెప్పింది. నువ్వు చాలా మర్యాదస్తుడివట."

"కాదండీ," అన్నాడు మధుసూదనరావు.

"అదే చెప్పింది," అన్నాడు డీక్లన్.

కటకటాల ఇవతల పాట్ లాఫ్టస్, మార్టిన్ గాహన్ రెండు మూలల్లో నిలబడి చప్పట్లు కొడుతున్నారు, ఒకరికొకరు కనబడనట్టు. నువ్వు వేశావా అని ఎవరినీ అడగలేదు మధుసూదనరావు. వాళ్ల కంచె సంగతి తను ఇక దాణా బస్తాల మధ్య కాదు, కౌన్సిల్లో లేచి నిలబడి మాట్లాడాలని మాత్రం తోచింది.

కార్లో జయశ్రీ ముందు కూర్చుంది. చరిత వెనక సీట్లో. వాన పడుతోంది. ఊరి కూడలి దగ్గర కప్పులేని బస్టాపులో ఎవరో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు వెనక సీట్లోంచి, తెలుగులో, అచ్చం తండ్రి గొంతుతో, ఆ యాసతో సహా వినబడింది.

"మొదట ఎవరొచ్చారు?"

మధుసూదనరావు వైపర్ల వేగం పెంచాడు.

"ఎవరో వచ్చార్లే," అన్నాడు.

ఇంటికెళ్లి నల్లకోటు విప్పకుండానే వంటింట్లోకి నడిచాడు. ప్రెస్సు తలుపు తీసి, కుక్కర్ రబ్బర్లు, గరిటెలు, పాత మూతలు ఒక్కొక్కటే తీసి గట్టుమీద పెట్టాడు. అడుగున వెండి పతకం దొరికింది. దాన్ని కోటు అంచుతో తుడిచి, గోడమీద క్యాలెండరు పక్కనున్న మేకుకి తగిలించాడు.

జయశ్రీ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇప్పుడెందుకండీ ఇదంతా?"

"మేకు ఖాళీగా ఉంది," అన్నాడు మధుసూదనరావు.

తర్వాత చెత్తడబ్బా తీసుకెళ్లి బయటపెట్టాడు.